సహదేవి మొక్కను వర్ణించి వర్గీకరించడం ఎలా: తొలి పరిశీలన నుంచి హెర్బేరియం షీటు దాకా

పెన్నా కాలువగట్ల మీద, పొదలకూరు నిమ్మతోటల పాదుల్లో, ఒంగోలు చుట్టుపక్కల పొలం గట్ల మీద, ఊళ్ళలో ప్రహరీగోడల మొదళ్ళలో ఊదారంగు పూలతో సన్నగా, నిటారుగా నిలబడే ఒక చిన్న మొక్క కనిపిస్తుంది. సహదేవి అనీ, గరిటకమ్మ అనీ పిలిచే ఈ మొక్క చామంతి కుటుంబానికి, అంటే ఆస్టరేసీకి చెందినది. అయితే చామంతి అనగానే మన కళ్ళకు కట్టే రేకుల వలయం దీనికి లేదు. కళాశాలల్లో ఈ కుటుంబాన్ని పొద్దుతిరుగుడుతోనో గడ్డి చామంతితోనో బోధించడం ఆనవాయితీ. ఆ పూలు పెద్దవి గనుక పాఠం సులువుగా సాగుతుంది గానీ, వాటితోనే ఆగిపోయిన విద్యార్థి రేకులు లేని జాతి ఎదురైనప్పుడు కుటుంబాన్నే పోల్చుకోలేకపోతాడు. ఈ కారణం చేతనే ఇక్కడ సహదేవిని ఎంచుకున్నాము.

ఈ పనిలో జాగ్రత్త ఎందుకో కూడా ముందే చెప్పాలి. సహదేవిని జ్వరానికి కషాయంగా వాడే అలవాటు పల్లెల్లో ఉంది. దానితో పాటు అదే నేలలో పెరిగే ఎమిలియా సోంకిఫోలియాకూ ఊదాపూలే పూస్తాయి, ఎజిరేటం కొనైజాయిడిస్‌కు నీలి ఊదా పూలు పూస్తాయి. ఈ రెండింటిలోనూ కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. పూల రంగును నమ్ముకొని మొక్కను పీకినవారికి ఈ తేడా తెలిసే అవకాశం లేదు. తేడా చెప్పే లక్షణాలు పుచ్ఛాల (పూల కింద ఉండే చిన్న ఆకుల వంటి భాగాల) వరుసల్లోనూ, ఆకుల అమరికలోనూ, గింజ తలపై ఉండే వెంట్రుకల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఈ మార్గదర్శి అంతటా పాటించవలసిన క్రమం ఒక్కటే: చూడడం ముందు, కొలవడం తరువాత, రాయడం ఆపైన, పేరు పెట్టడం అన్నిటికన్నా చివర. పేరు ముందే ఖాయం చేసుకున్నవారు పుస్తకంలోని వర్ణనను మొక్క మీద వెతుక్కుంటారు. మనకు కావలసింది దానికి విరుద్ధమైన పద్ధతి.

మొదటి మెట్టు: కాలం, చోటు, పనిముట్లు

నెల్లూరు జిల్లాలో సాలీనా కురిసే వానలో సగానికి మించి ఈశాన్య రుతుపవనాల వల్లనే వస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు మొలిచిన మొక్కలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల మంచి ఎదుగుదలకు వచ్చి మొగ్గ, పువ్వు, పండిన గింజ మూడింటినీ ఒకే కొమ్మ మీద చూపిస్తాయి. మన పనికి ఈ మూడూ కావాలి. సహదేవి ఏడాది పొడవునా పూసే మొక్కే అయినా, రోహిణీ కార్తె ఎండల్లో కాలువ చెమ్మ తగిలే చోట తప్ప మంచి నమూనా దొరకడం కష్టం. ఉదయగిరి, వెలిగొండల వైపు రిజర్వు అడవిలో సేకరించదలచినవారు అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. మొదటిసారి ఈ పని చేసేవారికి మాత్రం ఊరి పక్క తోట చాలు.

పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్సు, రెండు సన్నని సూదులు, కొత్త బ్లేడు, మిల్లీమీటరు గీతలు స్పష్టంగా ఉన్న స్కేలు, పెన్సిలు, గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు, పాత వార్తాపత్రికలు, రెండు ప్లైవుడ్ చెక్కలు, వాటిని బిగించడానికి పట్టీలు లేదా తాళ్ళు సిద్ధం చేసుకోవాలి. వీటికి ఒక నల్లకాగితాన్ని చేర్చండి. తెల్లని సన్నవెంట్రుకలను తెల్లకాగితం మీద పరచి లెక్కించబోయి విసుగెత్తేవారు చాలామంది ఉన్నారు. నల్లకాగితం మీద అదే పని నిమిషంలో తేలుతుంది.

రెండో మెట్టు: మొక్కను పీకక ముందు రాసుకోవలసినవి

ఎండితే పోయే లక్షణాలను ముందు రాయాలి. పూల రంగు, కాండం రంగు, వాసన, ఎత్తు, మొక్క నిలిచే తీరు, చెట్టు నీడలో ఉందా ఎండలోనా, నేల ఎర్రదా, రేగడా, ఇసుకదా, చుట్టూ ఏ మొక్కలు ఉన్నాయి అన్న వివరాలు హెర్బేరియం షీటు, అంటే ఒత్తి ఎండబెట్టిన నమూనాను అతికించి దాచే గట్టి కాగితం, దాని మీది ఎండుమొక్క తరువాత ఎవరికీ చెప్పలేదు. సహదేవి పూలు ఎండితే ఊదారంగు వెలిసి గోధుమవన్నెకు తిరుగుతాయి కాబట్టి రంగును అక్కడికక్కడే రాయడం తప్పనిసరి.

తరువాత ఒక ఆకును తుంచి చూడండి. సహదేవికి పాలు రావు. మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుకలో పాకే లానియా సార్మెంటోసాను తుంచితే తెల్లని పాలు కారతాయి. అదీ ఈ కుటుంబానిదే, కానీ వేరే తెగకు, అంటే కుటుంబం లోపలి వేరే ఉపవిభాగానికి, చెందుతుంది. పాలు ఉన్నాయా లేవా అన్న ఈ ఒక్క పరీక్షతో కుటుంబంలోని ఒక పెద్ద సమూహాన్ని మన ఆలోచన నుంచి తప్పించవచ్చు.

ఊరి పేరు, మండలం, తేదీ, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు రాసి, నమూనాకు ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్యే ఫోటోకూ, విడిగా తీసిన గింజల పొట్లానికీ, చివరకు షీటుకూ వర్తిస్తుంది.

మూడో మెట్టు: సేకరణ, ఒత్తడం

సహదేవి చిన్న మొక్క కనుక వేరుతో సహా మొత్తం మొక్కను తీయాలి. కొమ్మ తుంచి తెస్తే వేరు వ్యవస్థ, కింది ఆకులు, మొక్క ఏకవార్షికమా (ఏడాది లోపల జీవితం ముగించేదా) కాదా అన్న సంగతి మూడూ పోతాయి. కింది ఆకులకూ పై ఆకులకూ ఈ జాతిలో ఆకారంలోనే తేడా ఉంది కాబట్టి ఆ నష్టం పెద్దది. ఒకే గుంపులో నుంచి చిన్నవీ పెద్దవీ కలిపి నాలుగైదు మొక్కలు తీసుకోండి. ఒక మొక్కలో కొలిచిన కొలత ఆ మొక్కదే అవుతుంది, జాతిది కాదు.

వార్తాపత్రిక మడతలో మొక్కను పరిచేటప్పుడు ఒకటి రెండు ఆకులను తిరగేసి అడుగుభాగం పైకి కనిపించేలా ఉంచాలి. పొడవైన మొక్కను ఆంగ్ల వి అక్షరం ఆకారంలోకి మడవవచ్చు. మరుసటి రోజు విప్పి చూస్తే ఆకులు మెత్తబడి మన మాట వింటాయి, ముడతలు సరిదిద్దుకోవడానికి అదే అదను. కోస్తాలో డిసెంబరు గాలిలో చెమ్మ ఎక్కువ గనుక వారం రోజులపాటు రోజూ కాగితం మార్చకపోతే నమూనాకు బూజు పడుతుంది. కొన్ని పూలను ఒత్తకుండా విడిగా కాగితపు పొట్లంలో దాచుకోవాలి.

నాలుగో మెట్టు: శాకీయ లక్షణాలు

వర్ణన ఎప్పుడూ వేరు నుంచి మొదలై గింజతో ముగుస్తుంది. ఈ వరుస మార్చకూడదు, ఎందుకంటే మరొకరు తమ వర్ణనను మన వర్ణన పక్కన పెట్టి పోల్చుకోవాలంటే రెండూ ఒకే వరుసలో ఉండాలి.

సహదేవికి తల్లివేరు వ్యవస్థ ఉంటుంది. కాండం నిటారుగా, సన్నని గీతలతో, బూడిదవన్నె నూగుతో ఉండి పైభాగంలో కొమ్మలు వేస్తుంది. ఎత్తు సాధారణంగా 20 నుంచి 100 సెం.మీ. వరకు ఉన్నా, గడ్డి కోసిన చోట, మేకలు మేసిన చోట అరచేతి ఎత్తులోనే పూసేస్తుంది. ఆకులు ఏకాంతరంగా అమరి ఉంటాయి, అంటే కణుపుకు ఒక్కటే ఆకు. దీనిని తప్పక సరిచూసుకోండి. గడ్డి చామంతిలోనూ ఎజిరేటంలోనూ కణుపుకు రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి.

కింది ఆకులకు 1 నుంచి 2 సెం.మీ. పత్రవృంతం (ఆకు కాడ) ఉంటుంది. పత్రదళం అండాకారంగానో కోలగానో నాలుగుమూలల వజ్రాకారంలోనో 3 నుంచి 6.5 సెం.మీ. పొడవు, 1.5 నుంచి 3 సెం.మీ. వెడల్పుతో ఉండి, మొదలు వైపు సన్నబడుతూ వృంతంలోకి దిగుతుంది. అంచు లోతులేని రంపపు పళ్ళతోనో, అలలుగానో ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఆకులు చిన్నవై, సన్నబడి, వృంతం దాదాపు లేకుండా పోతాయి. ఆకు అడుగుభాగాన్ని లెన్సుతో చూస్తే బూడిదరంగు నూగు మధ్య చిన్నచిన్న గ్రంథి చుక్కలు మెరుస్తాయి. నూగులోని ఒక్కొక్క వెంట్రుక ఆకారం చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. కాడ పైన అడ్డంగా చేయి పెట్టినట్టు ఆంగ్ల టీ అక్షరం ఆకారంలో ఉండే వెంట్రుకలు ఈ ప్రజాతిని (దగ్గరి జాతుల సమూహాన్ని) గుర్తించడంలో పనికివస్తాయి కనుక, కళాశాల ప్రయోగశాల అందుబాటులో ఉన్నవారు ఈ పరిశీలనను విడిచిపెట్టవద్దు.

అయిదో మెట్టు: శీర్షాన్ని విప్పడం

అసలు పని ఇక్కడ ఉంది. తొందరపడకుండా కిటికీ పక్కన, ఫ్యాను ఆపి కూర్చోండి.

మనం పువ్వు అని పిలిచేది పువ్వు కాదు, పూల సమూహం. వృక్షశాస్త్రంలో దీనిని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు. ఇకపై శీర్షం అందాము. సహదేవిలో 6 నుంచి 8 మి.మీ. వెడల్పున్న శీర్షాలు దారం వంటి సన్నని కాడల మీద, కొమ్మల చివర, ఇంచుమించు ఒకే మట్టానికి చేరేలా గుంపుగా అమరి ఉంటాయి. గడ్డి చామంతిలో పొడవాటి కాడ చివర ఒక్కటే శీర్షం ఉంటుంది. రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, దూరం నుంచే తేడా పట్టిచ్చే లక్షణం ఇదే.

ఒక శీర్షాన్ని తీసుకొని ముందుగా వెలుపలి పచ్చని కప్పును పరిశీలించండి. పుచ్ఛాలతో ఏర్పడిన ఈ కప్పును పరిచక్ర పుచ్ఛావళి అంటారు. దీనిని రక్షకపత్రావళిగా పొరబడడం పరీక్షల్లో తరచుగా జరిగేదే. కానీ రక్షకపత్రావళి ఒక పువ్వుకు సంబంధించినది, ఈ కప్పు మొత్తం పూల సమూహానికి సంబంధించినది. సహదేవిలో ఇది గంట ఆకారంలో 4 నుంచి 5 మి.మీ. ఎత్తు ఉంటుంది. పుచ్ఛాలు పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదానినొకటి కప్పుకుంటూ నాలుగు వరుసల దాకా ఉంటాయి. అన్నిటికన్నా వెలుపలివి పొట్టిగా, 1.5 నుంచి 2 మి.మీ. పొడవుతో, లోపలివి సుమారు 4 మి.మీ. పొడవుతో ఉంటాయి. కొసలు సన్నగా మొనదేలి, తరచుగా ఊదా ఛాయతో ఉంటాయి. సూదితో ఒక్కొక్క పుచ్ఛాన్నీ కిందికి లాగి, పొడవు వరుసలో నల్లకాగితం మీద పరచి కొలవాలి. ఎమిలియాలో పుచ్ఛాలన్నీ ఒకే పొడవుతో ఒకే వరుసలో గోడ కట్టినట్టు నిలుస్తాయి. ఈ ఒక్క పరిశీలనతోనే ఆ రెండు ఊదాపూల మొక్కలు విడిపోతాయి.

ఇప్పుడు మరో శీర్షాన్ని బ్లేడుతో నిలువుగా, కాడ మధ్యగా రెండు సగాలు చేయండి. లోపల బల్లపరుపు పీఠం, దాని మీద నిలబడిన చిన్నచిన్న పువ్వులు కనిపిస్తాయి. ఈ చిన్న పువ్వులే పుష్పకాలు. సహదేవి శీర్షంలో ఇవి సుమారు 20 ఉంటాయి. ప్రతి పుష్పకం కిందా చిన్న పొలుసు ఉందా అని చూడండి. గడ్డి చామంతిలో ఉంటుంది, సహదేవిలో ఉండదు. పీఠం మీద పుష్పకాలు ఊడిన చోట చిన్న గుంటలు మాత్రమే మిగులుతాయి.

తరువాత అంచున ఉన్న పుష్పకాన్నీ మధ్యలో ఉన్న పుష్పకాన్నీ విడదీసి పక్కపక్కన పెట్టండి. గడ్డి చామంతిలో అంచువి నాలుక ఆకారంలో లేతపసుపు రంగులో ఉండే కిరణ పుష్పకాలు, అవి స్త్రీ పుష్పాలు. మధ్యవి గొట్టాల వంటి బింబ పుష్పకాలు, అవి ద్విలింగకాలు, అంటే స్త్రీ, పురుష భాగాలు రెండూ ఉన్నవి. సహదేవిలో అంచుదీ మధ్యదీ ఒకే రకం, అన్నీ గొట్టాలే, అన్నీ ద్విలింగకాలే. ఇటువంటి శీర్షాన్ని సజాతీయ శీర్షం అంటారు. రేకుల వలయం లేకపోవడానికి కారణం ఇదే.

ఒక పుష్పకాన్ని నీటిచుక్కలో ఉంచి, లెన్సు కింద సూదులతో గొట్టాన్ని నిలువుగా చీల్చండి. ఆకర్షణ పత్రావళి 5 నుంచి 6 మి.మీ. పొడవున్న గొట్టం, కొసన అయిదు సన్నని తమ్మెలు. దాని లోపలి గోడకు అయిదు కేసరాలు అంటుకొని ఉంటాయి. కేసరదండాలు విడివిడిగా ఉండి, పరాగకోశాలు మాత్రం పక్కపక్కన అతుక్కొని ఒక గొట్టంగా మారతాయి. ఈ సంయుక్త పరాగకోశాల గొట్టమే ఆస్టరేసీకి నమ్మదగిన గుర్తు. ఆ గొట్టం నడుమ నుంచి కీలం పైకి వస్తుంది. కీలం పెరుగుతూ, దాని మీది నూగుతో పుప్పొడిని గొట్టం నుంచి పైకి తోసి, పైకి వచ్చాక రెండుగా చీలి లోపలి తలాన్ని కీటకాలకు అందిస్తుంది. ఒక శీర్షంలో అంచు పుష్పకాలు ముందు విచ్చుకొని, మధ్యవి తరువాత విచ్చుకుంటాయి గనుక ఈ దశలన్నీ ఒకే శీర్షంలో చూడవచ్చు. అంచున చీలిన కీలాగ్రాలు, వాటి లోపల పుప్పొడి పూసుకొని అప్పుడే పైకి వస్తున్న కీలాలు, నట్టనడుమ ఇంకా మూసుకొన్న మొగ్గలు కనిపిస్తాయి.

కీలం శాఖల ఆకారాన్ని విడిగా రాయండి. సహదేవిలో అవి పొడవుగా, సన్నగా, కొస మొనదేలి, వెలుపల నూగుతో ఉంటాయి. ఆ నూగు చీలిక దగ్గర ఆగిపోక కీలం మీద కొంత కిందికీ దిగుతుంది. ఈ లక్షణం వెర్నోనియే తెగది. ఎజిరేటంలో శాఖలు కొసన లావెక్కి గదల వలె ఉంటాయి, ఎమిలియాలో కొస తెగ్గోసినట్టు ముగుస్తుంది. ఈ కుటుంబాన్ని తెగలుగా విభజించినవారు కీలం శాఖలకూ పరాగకోశాల అడుగుభాగానికీ అంత ప్రాధాన్యం ఎందుకు ఇచ్చారో ఈ మూడు మొక్కలను చూస్తేనే తెలుస్తుంది.

చివరిగా అండకోశం. రెండు ఫలదళాలు కలిసి ఏర్పడిన నిమ్న (మిగతా పుష్పభాగాలకు కిందుగా ఉండే) అండాశయం, ఒకే గది, ఆ గది అడుగున నిలిచే ఒకే ఒక్క అండం. ఎండిన నమూనా మీద ఈ పని చేయవలసి వస్తే శీర్షాన్ని గోరువెచ్చని నీటిలో, పాత్రలు తోమే సబ్బు చుక్క కలిపి, మెత్తబడేదాకా నానబెట్టాలి.

ఆరో మెట్టు: గింజ, దాని వెంట్రుకలు

పండిన శీర్షంలో పుచ్ఛాలు వెనక్కి విచ్చుకొని తెల్లని పింజె బయటపడుతుంది. ప్రతి గింజా నిజానికి ఒక ఫలం. నిమ్న అండాశయం నుంచి పుట్టిన ఈ పొడి ఫలాన్ని సిప్సెలా అంటారు. సహదేవిలో ఇది సుమారు 2 మి.మీ. పొడవు, స్తంభాకారం, మొదలు సన్నం, పైన దట్టమైన నూగు, నడుమ గ్రంథులు. ఎమిలియా గింజకు స్పష్టమైన అయిదు నిలువు గట్లు ఉంటాయి, సహదేవి గింజకు అటువంటివి ఉండవు.

ఫలం తలమీది కేశగుచ్ఛాన్ని, అంటే పాపస్‌ను, నల్లకాగితం మీద చూడండి. తెల్లని వెంట్రుకలు రెండు వరుసల్లో ఉంటాయి. లోపలివి 4 నుంచి 5 మి.మీ. పొడవుతో తేలికగా రాలిపోతాయి. వెలుపలివి లెన్సు లేకుండా కనబడనంత పొట్టివి. పొడవైనవాటిని చూసి సంతృప్తిపడి పొట్టి వరుసను వదిలేయడం మామూలే గానీ, వర్ణనలో ఆ రెండో వరుస లేకపోతే వర్ణన అసంపూర్ణం. గడ్డి చామంతిలో ప్రతి వెంట్రుకా ఈక వలె పక్కలకు చీలి ఉంటుంది, ఎజిరేటంలో వెంట్రుకలకు బదులు అయిదు పొలుసులు ఉంటాయి.

ఏడో మెట్టు: వర్ణన రాయడం

వృక్షశాస్త్ర వర్ణనలో క్రియాపదాలు తక్కువ, విశేషణాలు కొలతలకు కట్టుబడినవి. "చిన్న ఆకులు", "అందమైన పూలు" వంటి మాటలకు ఇక్కడ చోటు లేదు. చిన్నవి అంటే ఎంత అన్నది అంకెలో రావాలి. కొలత ఎప్పుడూ కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఇవ్వాలి. మీరు కొలిచిన మొక్కల్లో దొరికిన హద్దులే రాయండి, పుస్తకంలోని హద్దులతో వాటిని కలపవద్దు. రెండూ సరిపడకపోతే ఆ తేడాను వర్ణన కింద వేరే వాక్యంగా రాయాలి. ఒక నమూనా ఇలా ఉంటుంది:

"నిటారైన ఏకవార్షిక గుల్మం, కొన్నిచోట్ల బహువార్షికం, 20–100 సెం.మీ. ఎత్తు, పాలు లేవు. కాండం సన్నని గీతలతో, బూడిదవన్నె నూగుతో, పైభాగంలో శాఖాయుతం. ఆకులు సరళం, ఏకాంతరం. కిందివి వృంతసహితం, అండాకారం లేదా వజ్రాకారం, 3–6.5 × 1.5–3 సెం.మీ., అంచు లోతులేని రంపపు పళ్ళతో, పార్శ్వ ఈనెలు 3–4 జతలు. పైవి భల్లాకారం, దాదాపు వృంతరహితం. శీర్షాలు అనేకం, కొమ్మల చివర, సజాతీయం, 6–8 మి.మీ. వెడల్పు, సుమారు 20 పుష్పకాలతో. పరిచక్ర పుచ్ఛావళి గంటాకారం. పుచ్ఛాలు నాలుగు వరుసల వరకు, మొనదేలినవి. పీఠం బల్లపరుపు, పొలుసులు లేవు. పుష్పకాలు ద్విలింగకం, సౌష్ఠవయుతం, ఊదారంగు, గొట్టాకారం, 5–6 మి.మీ., అయిదు తమ్మెలు. కేసరాలు 5, పరాగకోశాలు సంయుక్తం. అండాశయం నిమ్నం, ఏకబిలయుతం, అండం ఒకటి, పీఠ అండన్యాసం. సిప్సెలా స్తంభాకారం, సుమారు 2 మి.మీ., నూగుతో. కేశగుచ్ఛం తెలుపు, రెండు వరుసలు."

పువ్వు నిర్మాణాన్ని గుర్తులతో, అంకెలతో చెప్పే పుష్పసంకేతం రాసేటప్పుడు ఆకర్షణ పత్రావళి 5నూ, కేసరావళి 5నూ, అండకోశం 2నూ కుండలీకరణంలో పెట్టి, మొదటి రెండింటినీ పైన వంపుగీతతో కలిపి, అండకోశం మీద అడ్డగీత గీయాలి. రక్షకపత్రావళికి అంకె రాదు, అక్కడ కేశగుచ్ఛం అని రాస్తారు.

ఎనిమిదో మెట్టు: కుటుంబం నుంచి జాతి దాకా

కుటుంబాన్ని నిర్ధారించడానికి నాలుగు లక్షణాలు చాలు: పుచ్ఛాల కప్పులో కూర్చిన శీర్షం, సంయుక్త పరాగకోశాలు, ఒకే అండం ఉన్న నిమ్న అండాశయం, సిప్సెలా ఫలం. ఈ నాలుగూ ఉన్న మొక్క ఆస్టరేసీదే. ప్రపంచంలో 24,000కు పైగా జాతులున్న కుటుంబం కనుక అసలు కష్టం దీని తరువాత మొదలవుతుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మైదానాల్లో కలగాపులగంగా కనిపించే కొన్ని మొక్కల వరకు ఈ కింది ద్విశాఖ సూచిక పనికివస్తుంది. ప్రతి అంకె దగ్గరా రెండింట్లో ఒకటి ఎంచుకొని ముందుకు పోవాలి.

1క. తుంచితే పాలు వస్తాయి. పుష్పకాలన్నీ నాలుక ఆకారం, కొసన 5 పళ్ళు: చికోరియే తెగ (లానియా, సోంకస్)
1ఖ. పాలు రావు, శీర్షం నడుమ పుష్పకాలు గొట్టాకారం: 2
2క. కనీసం కింది ఆకులు అభిముఖం (ఎదురెదురుగా): 3
2ఖ. ఆకులన్నీ ఏకాంతరం: 4
3క. అంచున లేతపసుపు కిరణ పుష్పకాలు. కేశగుచ్ఛం ఈకల వంటిది: గడ్డి చామంతి
3ఖ. కిరణ పుష్పకాలు లేవు. పాపస్ 5 పొలుసులు: ఎజిరేటం
4క. కాండానికి రెక్కలు, శీర్షాలు గోళాకారపు ముద్దగా కలిసినవి: బోడసరం
4ఖ. కాండానికి రెక్కలు లేవు. శీర్షాలు విడివిడి: 5
5క. పుచ్ఛాలు ఒకే వరుస. పై ఆకుల మొదలు కాండాన్ని చుట్టుకొని ఉంటుంది: ఎమిలియా
5ఖ. పుచ్ఛాలు అనేక వరుసలు: 6
6క. అంచు పుష్పకాలు దారం వలె సన్నం, స్త్రీ పుష్పాలు. నడిమివి ద్విలింగకాలు: బ్లూమియా
6ఖ. పుష్పకాలన్నీ ఒకే రకం, ద్విలింగకాలు: సహదేవి

నెల్లూరు వరిమళ్ళలో కోత తరువాత మోళ్ళ నడుమ విరివిగా కనిపించే బోడసరం కూడా ఊదారంగే గనుక దానిని ఈ సూచికలో చేర్చాము. ఈ సూచిక పరిధి చిన్నది. ఇందులో లేని మొక్క ఎదురైతే ఏదో ఒక చోట బలవంతంగా ఇరికించక, ప్రాంతీయ వృక్షసంపద గ్రంథాల్లోని పూర్తి సూచికను ఆశ్రయించాలి.

వర్గీకరణ వ్యవస్థలు రెండు మనకు అవసరం. బెంథామ్, హూకర్‌లు 1862 నుంచి 1883 వరకు ప్రచురించిన వ్యవస్థలో ఈ మొక్క ద్విదళబీజాల్లో సంయుక్తదళాలు, వాటిలో ఇన్ఫెరే శ్రేణి, ఆస్టరేలీస్ క్రమం, కాంపోజిటే కుటుంబం కిందకు వస్తుంది. మన దేశంలోని హెర్బేరియాలు (ఎండు నమూనాల భాండాగారాలు) చాలావరకు ఈ వరుసలోనే అమర్చి ఉన్నందున ఇది పాతబడినా పనికిరానిది కాలేదు. డి.ఎన్.ఏ. ఆధారాల మీద నిలిచిన ఏ.పి.జి. (ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్) వ్యవస్థ 2016 నాటి నాలుగో రూపంలో ఇది ఆస్టరిడ్లు, క్యాంపన్యులిడ్లు, ఆస్టరేలీస్, ఆస్టరేసీ అన్న వరుసలో ఉంటుంది. కాంపోజిటే, ఆస్టరేసీ రెండూ నామకరణ నియమావళి అంగీకరించిన పేర్లే. కుటుంబం లోపల తెగ వెర్నోనియే. ఈ తెగను చాలాకాలం చికోరియాయిడే ఉపకుటుంబంలో ఉంచారు, ఇటీవలి వర్గీకరణలో వెర్నోనియాయిడే అనే ఉపకుటుంబంగా వేరు చేశారు.

తొమ్మిదో మెట్టు: శాస్త్రీయ నామం, దాని చరిత్ర

లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు కొనైజా సినీరియా అని పేరు పెట్టాడు. 1829లో లెస్సింగ్ దీనిని వెర్నోనియా ప్రజాతికి మార్చగా వెర్నోనియా సినీరియా అయింది. మన పాఠ్యపుస్తకాల్లో, ఆయుర్వేద గ్రంథాల్లో నేటికీ ఎక్కువగా కనిపించేది ఈ పేరే. అయితే వెర్నోనియా అన్న పేరు మొదట అమెరికా మొక్కకు పెట్టినది. అమెరికా జాతుల్లో ప్రాథమిక క్రోమోజోమ్ సంఖ్య 17 కాగా, ఆసియా, ఆఫ్రికా జాతుల్లో అది 9 లేదా 10. సహదేవి కణంలో 18 క్రోమోజోములు ఉంటాయి. ఇటువంటి తేడాలను, వెంట్రుకలు, ఫలాల నిర్మాణాన్ని పరిశీలించి 1990లో హెరాల్డ్ రాబిన్సన్ ఈ జాతిని, బ్లూమె 1826లో నెలకొల్పిన సయాంథిల్లియం ప్రజాతిలోకి చేర్చాడు. అందువల్ల నేటి పేరు సయాంథిల్లియం సినీరియం (ఎల్.) హెచ్. రాబ్. ప్రజాతి నామం లాటిన్‌లో నపుంసకలింగం గనుక సినీరియా అన్నది సినీరియం అయింది.

కుండలీకరణంలోని ఎల్. జాతిని మొదట వర్ణించిన లిన్నేయస్‌ను, వెలుపలి పేరు ఇప్పటి ప్రజాతికి మార్చినవారిని సూచిస్తాయి. ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ ఎల్. అని గడ్డి చామంతి పేరు రాసేటప్పుడు కుండలీకరణం లేకపోవడానికి కారణం, 1753 నుంచి ఆ జాతి ప్రజాతి మారకపోవడమే. గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడింది, మన ప్రాంతమూ దాని పరిధిలోనిదే. అందులో సహదేవిని వెతికేవారు వెర్నోనియా కింద చూడాలి. ఇప్పుడు అంగీకరించిన పేరు ఏదో సరిచూసుకోవడానికి లండన్‌లోని క్యూ వృక్షోద్యానవనం నడిపే ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ నమ్మదగినది.

పదో మెట్టు: షీటు, చీటీ

ఎండిన నమూనాను 42 × 28 సెం.మీ. గట్టి తెల్లకాగితం మీద జిగురుతోనో, సన్నని దారపు కుట్లతోనో నిలపాలి. రాలే గింజలను చిన్న పొట్లంలో పెట్టి అదే షీటుకు అతికించాలి. కింది కుడి మూలన చీటీ వస్తుంది. అందులో కుటుంబం, శాస్త్రీయ నామం, స్థానిక నామం, సేకరించిన చోటు, ఆవాసం, పూల రంగు, తేదీ, సేకర్త పేరు, సంఖ్య, పేరు నిర్ధారించినవారు అన్న వివరాలు ఉండాలి. పూర్వం పురుగు పట్టకుండా మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో ముంచేవారు. అది మనుషులకూ విషమే కాబట్టి ఇంట్లోనూ బడిలోనూ దాని జోలికి పోవద్దు. పొడిగా ఉన్న బీరువా, నాఫ్తలీన్ ఉండలు సరిపోతాయి.

చోటు రాసేటప్పుడు జిల్లా పేరుతో సరిపెట్టుకోకూడదు. ఒంగోలు దగ్గర 1904కు ముందు సేకరించిన మొక్క చీటీ మీద నెల్లూరు జిల్లా అని, ఆ తరువాత గుంటూరు జిల్లా అని, 1970 తరువాత ఒంగోలు లేదా ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 2022 పునర్విభజనలో సరిహద్దులు మళ్ళీ మారాయి. ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు ఉన్న చీటీకి ఈ చిక్కు రాదు.

ఒకే సంఖ్య కింద రెండు మూడు నకళ్ళు తయారుచేసి, ఒకటి దగ్గర ఉంచుకొని మరొకటి గుర్తింపు ఉన్న హెర్బేరియానికి ఇవ్వడం మంచిది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర, అనంతపురం శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖల్లో హెర్బేరియాలు ఉన్నాయి. భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థకు హైదరాబాదులో దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి నిపుణులు పేరు సరిదిద్దితే పాత చీటీని చింపడం గానీ కొట్టివేయడం గానీ చేయరాదు. సవరించిన పేరు, సవరించినవారి పేరు, సంవత్సరం రాసిన చిన్న చీటీని పాతదాని పైన ఖాళీలో అతికించాలి. వెర్నోనియా సినీరియా అని రాసిన పాత షీటు మీ కళాశాలలో ఉంటే, దాని మీద సయాంథిల్లియం చీటీ అతికించే ముందు ఒక శీర్షాన్ని నానబెట్టి పుచ్ఛాల వరుసలు లెక్కపెట్టండి, ఆ పాత పేరు పెట్టినవారు ఎమిలియాను చూసి ఉండే అవకాశమూ ఉంది.